మన బడికి సాయం అడిగే ఉత్తరం

(సంఘం వార్షిక సమావేశంలో గ్రామ కార్యకర్తలను, బోధకులను ఉద్దేశించి కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున నుంచి డోలు, పెప్రే మోత విన్నాం. ఈ పూట మాత్రం కాస్త పొడి విషయం మాట్లాడాలి. మన సాయంత్రపు బడులకు ఇన్నాళ్ళూ సాయం చేస్తున్న దాత ఈ మార్చి తర్వాత ఇవ్వలేనని చెప్పారు. కోపంతో చెప్పలేదు, వాళ్ళ పరిస్థితి వాళ్ళది. కానీ ఏప్రిల్ నుంచి బోధకులకు గౌరవ వేతనం లేదు, పలకలకు, పుస్తకాలకు డబ్బు లేదు. కొత్త దాతలను వెతుక్కోవాలంటే ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరం హైదరాబాదులో ఎవరో ఇంగ్లీషు తెలిసినవారు రాసిపెడతారులే అని చాలామంది అనుకుంటున్నారు. అలా వద్దని మేము కార్యవర్గంలో నిర్ణయించాం. ప్రతి ఊరి బడికీ ఆ ఊరి వాళ్ళే రాయాలి. తెలుగులో రాయండి, గోండీలో చెప్పి రాయించండి, ఇంగ్లీషులోకి మార్చే పని తర్వాత చూద్దాం.

ఇప్పటిదాకా మీరు పంపిన చిత్తుప్రతులన్నీ చదివాం. దాదాపు అన్నీ ఒకేలా మొదలయ్యాయి. "మారుమూల అటవీ ప్రాంతంలో నివసించే అమాయక, వెనుకబడిన, నిరక్షరాస్య గిరిజనులు..." ఈ మాటలు మనవి కావు. ఎప్పుడో ఏదో ఆఫీసు కాగితంలో చదివి పట్టుకొచ్చినవి. మారుమూల అంటే ఎవరికి మారుమూల? మన ఊరికి మన ఊరు నడిమధ్యనే ఉంది కదా. అడవిలో ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఏ సగకు ఎన్ని దేవతలో, ఎవరి బిడ్డను ఎవరికి ఇవ్వొచ్చో, ఎవరికి ఇవ్వకూడదో రాత్రంతా చెప్పగల మనిషిని అమాయకుడు అని ఎలా రాస్తాం?

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? మీ బడి ఎందుకు పుట్టిందో అక్కడ.

మన పిల్ల మొదటిసారి సర్కారు బడికి పోతుంది. సారు మంచివాడే. రెండు బలపాలు తన దగ్గర పెట్టుకుని, ఒకటి పిల్ల చేతిలో పెట్టి, "నీ దగ్గర ఎన్ని ఉన్నాయమ్మా?" అని అడుగుతాడు. పిల్ల "ఉందీ" అంటుంది. "ఉందని తెలుసు, ఎన్ని ఉన్నాయి?" "ఉందీ." సారుకు విసుగు. పిల్ల సరైన జవాబే చెప్పింది, గోండీలో ఒకటిని ఉందీ అంటాం. తెలుగులో ఆ మాటకు వేరే అర్థం ఉందని పిల్లకు తెలీదు, గోండీలో అది అంకె అని సారుకు తెలీదు. ఇంకోరోజు పాఠంలో ఏరు దాటడం గురించి వస్తుంది. మనకు యేర్ అంటే నీళ్ళు, కుండలో ఉండేవి కూడా. కుండలో నీళ్ళను దాటడమేమిటో ఆ పిల్లకు అర్థం కాదు. నాలుగు రోజులు ఇలా జరిగితే పిల్ల నోరు మూసుకుంటుంది. ఆ మౌనం చూసి "వీళ్ళకు చదువు అబ్బదు" అని రాసేస్తారు. బడి మానెయ్యడం అక్కడే మొదలవుతుంది, చేలో పని చేతికొచ్చినప్పుడు కాదు.

మన సాయంత్రపు బడిలో బోధకురాలికి రెండు భాషలూ వచ్చు. ఉందీ, రండ్, మూంద్, నాలుంగ్ అని మొదలుపెట్టి, రండ్ పక్కనే రెండు, మూంద్ పక్కనే మూడు పెట్టి చూపిస్తుంది. ఇవి చుట్టాల భాషలే కదా అని పిల్లలే కనిపెడతారు. ఇది రాయండి. దీనికి పెద్ద మాటలు అక్కర్లేదు. చదివినవాళ్ళు తమ ఇంట్లో నలుగురికి చెప్పుకునేంత స్పష్టంగా ఉంటే చాలు.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. కిందటేడు ఒక సంస్థ ప్రతినిధి మన బడి చూసి పోయి, చిరిగిన బట్టలతో, ముక్కు కారుతున్న పిల్లల ఫోటోలు పంపమన్నారు, అలాంటివి ఉంటే డబ్బు తొందరగా వస్తుందన్నారు. పలక మీద అక్షరం దిద్దుతున్న పాప ఫోటో పంపాం. ఆ డబ్బు రాలేదు. అప్పుడు మనలో కొందరు, ఒక్క ఫోటోతో ఏడాది గడిచిపోయేది కదా అన్నారు. వాళ్ళ బాధ మాకు తెలుసు, ఆ ఏడాది ఇద్దరు బోధకులు నాలుగు నెలలు జీతం లేకుండా పనిచేశారు. అయినా ఈ మాట మీద మేము వెనక్కి పోదలచుకోలేదు. దండారి కట్టి పొరుగూరికి పోతాం. ఆ ఊరివాళ్ళు ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చి అన్నం పెడతారు. మనం బిచ్చానికి పోలేదు, వాళ్ళు దానం చెయ్యలేదు. మన ఆట వాళ్ళకిచ్చాం, రేపు వాళ్ళు మన ఊరికొస్తారు. దాతకు రాసే ఉత్తరంలో ఆ వరస కనబడాలి.

ఇక రెండో సంగతి. ఇది కొత్త ప్రయోగం కాదని ఉత్తరంలో తప్పకుండా చెప్పండి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చాక నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను మన దగ్గరికి పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, మన భాష నేర్చుకుని, మన కష్టాల మీద సర్కారుకు నివేదికలు రాశాడు. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు పంతులు శిక్షణ మొదలైంది. గోండీలోనే వాచకాలు తయారయ్యాయి, అప్పట్లో మనవాళ్ళకు మరాఠీ ఎక్కువ తెలుసు కాబట్టి దేవనాగరి అక్షరాల్లో. అక్షరం ముక్క లేదన్న ఊళ్ళ నుంచి కొన్నేళ్ళలోనే గోండు పంతుళ్ళు, గుమాస్తాలు వచ్చారు. ఈ సభలో కూర్చున్న కొందరు ఆ పంతుళ్ళ మనవలే. తర్వాతి కాలంలో గోండీ పోయి బడి పూర్తిగా తెలుగులోకి మారిపోయింది. హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధులు ఈనాటికీ మార్లవాయిలోనే ఉన్నాయి. ఆయన నివేదికలు కూడా ఒక రకంగా మనం రాయబోయే ఉత్తరాలే. ఆయన జాలి కథలు రాయలేదు. ఏ ఊళ్ళో ఎవరి భూమి ఎలా పోయిందో విడమరిచి రాశాడు. అందుకే పట్టాలు వచ్చాయి.

తెలుగువారికి రాసేటప్పుడు గిడుగు రామమూర్తి పంతులు గారి పేరు చెప్పండి. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటారు, వాడుక భాష కోసం పోరాడాడని చెప్పుకుంటారు. పర్లాకిమిడిలో ఉంటూ సవరల భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, తన సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు నడిపిన సంగతి చాలామందికి తెలియదు. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. ఆ తెలుగు పంతులు సవర పిల్లలకు చేసిందే ఇప్పుడు గోండు, కోలాం పిల్లలకు చెయ్యమని అడుగుతున్నాం.

అమెరికాలో, లండన్‌లో ఉన్న తెలుగువాళ్ళు వారాంతాల్లో పిల్లలకు తెలుగు బడులు నడుపుతున్నారు. ఎందుకు? మనవడు అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడలేకపోతున్నాడని. ఆ బాధ తెలిసినవాళ్ళకు మన బాధ వివరించి చెప్పే పని లేదు. ఆ ఒక్క పోలిక చాలు.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. "గోండీతో ఉద్యోగం వస్తుందా?" దాతలే కాదు, మన తల్లిదండ్రులే అడుగుతున్నారు. దీన్ని దాటవేస్తూ ఉత్తరం రాస్తే చదివేవారు పట్టేస్తారు. రాదు అనే రాయండి. గోండీతో ఉద్యోగం రాదు, గోండీ మెట్టు మీద నిలబడి నేర్చుకున్న తెలుగుతో, ఇంగ్లీషుతో వస్తుంది. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లకు రాష్ట్రాలు పూనుకోవాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956 నుంచీ ఉంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా, వీలున్న చోటల్లా, కనీసం ఐదో తరగతి దాకా మాతృభాషే అంటోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గోండీ, కోలామీ, కోయ, సవర వంటి 8 భాషల్లో ప్రభుత్వమే వాచకాలు తెచ్చింది. కాగితం మీద ఒప్పుకోనివారు ఎవరూ లేరు, సాయంత్రం ఆరింటికి మన గూడెంలో పలక పట్టుకుని కూర్చునే మనిషే లేదు.

లిపి సంగతి కూడా దాచొద్దు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల వల్ల మనకు సొంత లిపి ఉందని లోకానికి తెలిసింది, 2018లో అది యూనికోడ్‌లో చేరింది. అంతకు ముందు ఏడాదే మంగళ్‌సింగ్ మసారాం 1918లో కూర్చిన లిపీ చేరింది. ఏది నేర్పాలన్నదాని మీద మనలో వాదన ఇంకా తెగలేదు, తొందరగా తెగేలా కూడా లేదు. మన బడుల్లో చిన్నపిల్లలకు తెలుగు అక్షరాలతోనే గోండీ నేర్పుతున్నాం, పొద్దున బడిలో అవే కనబడతాయి కాబట్టి. అక్షరాలు పట్టుబడ్డాక గుంజాల లిపి. ఇందుకు ఒప్పుకోని పెద్దలు ఈ సభలోనే ఉన్నారు. ఉన్నారనే రాయండి.

లెక్కల దగ్గర జాగ్రత్త. ఇంటర్నెట్‌లో దొరికిన శాతాలు అతికించొద్దు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో గోండీ మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 30 లక్షలు, అయినా గోండీ ఎనిమిదో షెడ్యూలులో లేదు. ఈ ఒక్క ముక్క చాలు. మిగతా లెక్కలన్నీ మీ హాజరు పట్టీ నుంచే రావాలి. ఎందరు చేరారు, ఎందరు రోజూ వస్తున్నారు, పత్తి ఏరే రోజుల్లో ఎందరు తగ్గారు, అంతా ఉన్నదున్నట్టు. ఖర్చు కూడా అంతే. ఉదాహరణకు బోధకురాలికి నెలకు 4 వేలు అనుకుంటే పది నెలలకు 40 వేలు, పలకలు, పుస్తకాలు, సోలార్ దీపం కలిపి ఇంకో 10 వేలు. మొత్తం 50 వేలు. పాతికమంది పిల్లలుంటే ఒక్కొక్కరికి ఏడాదికి 2 వేలు. దాత చూసేది ఆ చివరి అంకెనే. డబ్బు అందకపోతే ఏమవుతుందో కూడా రాయండి, బెదిరించకుండా. "ఏప్రిల్ నుంచి ఈ బడి వారానికి రెండు రోజులే నడుస్తుంది" అంటే చాలు.

కాగితాల గురించి క్లుప్తంగా. ఆదాయపు పన్ను మినహాయింపు రసీదు ఇస్తామని చెప్పేటప్పుడు రెండు వేలకు మించిన నగదుకు ఆ మినహాయింపు రాదని కూడా చెప్పండి, బ్యాంకు ద్వారానే పంపమనండి. విదేశాల్లో ఉన్నవారు పంపేటప్పుడు వాళ్ళ పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందే అడగండి. భారత పౌరులుగానే ఉండి తమ సంపాదన బ్యాంకు ద్వారా పంపితే చిక్కు లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారిది విదేశీ విరాళం కిందికి వస్తుంది, ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేకుండా ఒక్క రూపాయి ముట్టుకోకూడదు, ఎంత దగ్గరి స్నేహితుడైనా సరే. కంపెనీలకైతే 2013 కంపెనీల చట్టం కింద, ఏడాదికి 5 కోట్లు, ఆపైన నికర లాభం ఉన్నవి మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు చెయ్యాలి, విద్య ఆ జాబితాలో ఉంది. కాబట్టి వాళ్ళను అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఉత్తరం వెంట గ్రామసభ తీర్మానం ప్రతి జతచెయ్యండి. ఊరు ఒప్పుకోని బడికి బయటివారు ఎందుకు ఇవ్వాలి?

బయటివారు అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది. "మీవాళ్ళు ఎంత ఇచ్చారు?" దీనికి ఈ రోజు మన దగ్గర గట్టి జవాబు లేదు. మనలో టీచర్లున్నారు, కానిస్టేబుళ్ళున్నారు, బ్యాంకుల్లో, ఐటీడీఏలో పనిచేసేవారున్నారు. ఆశ్రమ పాఠశాలల్లో చదివి పైకొచ్చినవాళ్ళం. ప్రధాన్ కిక్రీ పట్టుకుని మన ఇంటి ముందుకొచ్చి కులకథ పాడితే మన తాతలు ధాన్యం పెట్టారు, ఉన్నవాళ్ళు ఆవునిచ్చారు. అది ప్రధాన్ హక్కు, ఇవ్వడం ఆ ఇంటి బాధ్యత. మన కథను, మన మాటను మోసేవాళ్ళను మనమే పోషించుకున్నాం, ఏ దాతా లేకుండా. సాయంత్రం బడిలో కూర్చునే ఆ చెల్లెలు ఇప్పుడు చేస్తున్నది అదే పని. నెలకు రెండు వందలైనా సరే, ఉద్యోగస్తులు ఈ రోజే బయట బల్ల దగ్గర పేరు రాయించండి. ఆ జాబితాను ప్రతి ఉత్తరానికీ జతచేస్తాం. మా కార్యవర్గం పేర్లు పొద్దున్నే రాశాం.

చివరగా, రాసిన ఉత్తరాన్ని పోస్టు చెయ్యకముందు ఊళ్ళో ఒక రాత్రి అందరినీ కూర్చోబెట్టి గోండీలో, కోలాం గూడెమైతే కోలామీలో చదివి వినిపించండి. విన్న అవ్వ ఎవరైనా "ఇది మన గురించి కాదు" అంటే ఆ వాక్యం కొట్టెయ్యండి. చిత్తుప్రతులు నాగోబా జాతరకు ముందే మాకు అందాలి. కేస్లాపూర్‌లో ఎలాగూ అందరం కలుస్తాం కాబట్టి అక్కడే కూర్చుని సరిచేసుకుందాం. కంప్యూటర్లో కొట్టలేనివాళ్ళు చేతిరాతతోనే ఇవ్వండి.

రామ్ రామ్.