పొద్దున్నే సీసా తాగి పనికి పోదామా?



నన్ను భద్రత మీద మాట్లాడమన్నారు. హెల్మెట్, హార్నెస్ గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. మీకూ విని విని విసుగొచ్చే ఉంటుంది. ఈసారి నేను పొద్దున తిండి గురించి చెబుతాను. అది కూడా భద్రత విషయమేనని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. తెలియడానికి ఒక మనిషి నిచ్చెన మీంచి పడబోవాల్సి వచ్చింది.

రెండేళ్ల కిందట నవంబర్‌లో, మిస్సిసాగా వైపు ఒక బిల్డింగులో స్లాబ్ వేస్తున్నాం. ఆరు గంటలకే పంపు ట్రక్కు వచ్చి నిలబడింది. నా కింద పనిచేసే వాళ్లలో రాడ్ కట్టే అన్న ఒకాయన ఉన్నారు, నిజామాబాద్ వైపు మనిషి, వయసు నలభై దాటింది. నాలుగున్నరకు లేచి ఒక మీల్ రీప్లేస్‌మెంట్ సీసా తాగి, షుగర్ మాత్ర వేసుకుని వచ్చేశారు. తొమ్మిదింటికి నా దగ్గరకొచ్చి, "తమ్ముడూ, ఐదు నిమిషాలు దిగి ఏమన్నా తినొస్తా" అన్నారు. "షేక్ తాగానన్నావు కదన్నా, ఈ లోడ్ అయిపోనీ" అన్నాను. ఆ లోడ్ అయ్యింది, ఇంకోటి వచ్చింది. కాంక్రీట్ సంగతి మీకు తెలుసు, మన ఆకలి కోసం అది ఆగదు. పదింపావుకి ఆయన నిచ్చెన దిగుతుంటే చెయ్యి జారింది. కింద ఉన్న కుర్రాడు నడుం పట్టుకోబట్టి సరిపోయింది. కూర్చోబెట్టి చూస్తే నవంబర్ చలిలో ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, మాట తడబాటు. పంజాబీ డ్రైవర్ ఒకాయన తన బ్యాగులోంచి ఆరెంజ్ జ్యూస్ తీసి తాగించాడు. పావుగంటకు మనిషి మనిషయ్యాడు.

ఒంటారియో చట్టం ఏమంటుందంటే, ఐదు గంటలకు మించి ఏకధాటిగా పని చేయించకుండా అరగంట తిండి విరామం ఇవ్వాలి. ఆరుకి మొదలెట్టాం, అప్పటికి నాలుగుంపావు గంటలే అయ్యింది. కాగితం మీద నా తప్పేం లేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "షేక్ తాగావు కదా" అన్న మాట అన్నది నేనే. ఆ సీసాలో ఏముందో నాకే తెలియదు.

తర్వాత తెలుసుకున్నాను. కెనడాలో "మీల్ రీప్లేస్‌మెంట్" అని సీసా మీద రాయాలంటే ఒక సర్వింగులో కనీసం 225 క్యాలరీలు ఉండాలని ఆహార నిబంధనల్లో ఉంది. ప్రోటీను, విటమిన్లు, ఖనిజాలు కూడా ఎంతెంత ఉండాలో రాశారు. "న్యూట్రిషనల్ సప్లిమెంట్" అని ఉంటే కనీసం 150 క్యాలరీలు చాలు. జిమ్ కుర్రాళ్లు వాడే ప్రోటీన్ పొడి మరో సరుకు, అది భోజనానికి బదులు కాదు. ఇంకోమాట, ఇక్కడ షెల్ఫులో బూస్ట్ అని కనిపిస్తే మన ఊళ్లో పాలల్లో కలుపుకునే బూస్ట్ అనుకోకండి. పేరొకటే, కంపెనీ వేరు, సరుకు వేరు.

ఇప్పుడు రెండో లెక్క. మన హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, ఎన్‌ఐఎన్ అంటారు. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. మన దేశంలో ఎవరికి ఎంత తిండి కావాలో లెక్క కట్టేది వాళ్లే. 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, 65 కిలోల మగమనిషి కూర్చుని పని చేస్తే రోజుకు 2,110 క్యాలరీలు, బరువు పని చేస్తే 3,470. రాడ్ మోసే మనిషి ఏ లెక్కలోకి వస్తాడో మీకు చెప్పక్కర్లేదు. 3,470లో 225 అంటే పదిహేనో వంతు. దాంతో ఆరేడు గంటలు గడవాలి. ఆఫీసులో కుర్చీలో కూర్చునేవాడికి సరిపోయే సీసా మనకు చాలదు. సీసాది తప్పు కాదు, అది ఎవరిని ఉద్దేశించి చేశారో వాళ్లకి బాగానే ఉంటుంది. పళ్లు లేని పెద్దవాళ్లకి, జబ్బు పడి లేచినవాళ్లకి డాక్టర్లే రాస్తారు.

పైగా అది నీళ్లలాంటి తిండి. నమలడానికేమీ ఉండదు, చాలావాటిల్లో పీచు తక్కువ. గంటన్నరకే కడుపు మళ్లీ అడుగుతుంది. అప్పుడు మనమేం చేస్తాం? టిమ్ హార్టన్స్‌లో డబుల్ డబుల్, ఒక డోనట్. నేనూ అదే చేసేవాణ్ణి, ఎవరినీ అనడం లేదు.

అయితే ఏమీ తినకుండా పోయేకంటే సీసా వంద రెట్లు నయం. ఈ మాట గట్టిగానే అంటాను. ఎందుకంటే మనవాళ్లు సీసా ఎందుకు తాగుతున్నారో నాకు తెలుసు. బద్ధకం వల్ల కాదు. బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్, ఆరుగురు మనుషులు, ఒక పొయ్యి. నాలుగున్నరకు ముగ్గురు లేస్తే ఇద్దరు నిలబడి చూడాల్సిందే. గిన్నె చప్పుడైతే పైనుంచి ఇంటాయన కాలితో తడతాడు. నేను వచ్చిన కొత్తలో మూడేళ్లు అలాగే ఉన్నాను. ఉప్మా చేసుకోవయ్యా అని సలహా ఇవ్వడం తేలికే, చేసుకునే చోటేదీ?

మాది విజయనగరం జిల్లా. రాగుల్ని మేం చోళ్లంటాం. మా నాన్న పొద్దున్నే చోడి అంబలి తాగి పొలానికి పోయేవారు. రాత్రి పిండి నీళ్లలో కలిపి పులియబెట్టి, పొద్దున కాచి, చల్లారాక మజ్జిగ, ఉప్పు వేసి, ఉల్లిపాయ నంజుకుని తాగడం. రాయలసీమ వాళ్లకు సంగటి ఉంది, తెలంగాణ వాళ్లకు జొన్న అంబలి ఉంది. చద్దన్నం అందరికీ ఉంది. ఆలోచిస్తే గ్లాసులో పోసుకుని గబగబా తాగి పనికి పోయే తిండిని మనం కెనడా వచ్చి నేర్చుకోలేదు. నేను డిప్లొమా చదివే రోజుల్లో హాస్టల్లో ఆ అంబలి పేరెత్తడానికి సిగ్గుపడేవాణ్ణి. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నాక ఇక్కడి దేశీ కొట్లలో రాగిపిండి ముందు వరసలో పెట్టారు. మా అమ్మకు ఫోన్లో చెబితే నవ్వింది.

కానీ అంబలిని కూడా నెత్తిన పెట్టుకోను. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, అది చాలా ఎక్కువ. ప్రోటీన్ మాత్రం ఏడు గ్రాములే. ఒక గ్లాసు అంబలికి యాభై గ్రాముల పిండి పడుతుంది, అంటే నూట అరవై, నూట డెబ్భై క్యాలరీలు. సీసాకన్నా తక్కువ! మా నాన్న తొమ్మిదింటికి గట్టు మీద కూర్చుని మళ్లీ తినేవారు, అమ్మ కేరేజీ తెచ్చేది. ఆ రెండో తిండి సంగతి మనం మర్చిపోయి అంబలినే పొగుడుతున్నాం.

నేనిప్పుడు చేసుకునేది చెబుతాను. రాత్రి పడుకోబోయే ముందు ఒక డబ్బాలో అరకప్పు ఓట్స్, ఒక కప్పు పాలు, రెండు చెంచాల పీనట్ బటర్ కలిపి ఫ్రిజ్‌లో పెడతాను. పొద్దున అరటిపండు ముక్కలు వేస్తాను. పొయ్యి అక్కర్లేదు, మిక్సీ మోత లేదు, ఇంటాయన లేవడు. అన్నీ కలిపితే 550 క్యాలరీలు దాటుతుంది, ప్రోటీన్ ఇరవై గ్రాముల పైమాటే. నా బిల్లులు చూసుకుంటే సీసాకి రెండున్నర డాలర్లు పడేది, ఈ డబ్బాకి డాలరున్నర కూడా పడటం లేదు. పాలు పడనివాళ్లు లాక్టోస్ తీసేసిన పాలు గానీ సోయా పాలు గానీ పోసుకోండి. ఆదివారం అర డజను గుడ్లు ఉడకబెట్టి పెట్టుకుంటే రెండు మూడు రోజులకు వస్తాయి, ఒక్కో గుడ్డుకి ఆరు గ్రాముల ప్రోటీన్. జనవరిలో చల్లటి ఓట్స్ గొంతు దిగవు, అప్పుడు మాత్రం రాగిజావ బెల్లంతో కాచి థర్మాస్‌లో పోసుకుంటాను, తోడుగా రెండు గుడ్లు. సీసాలు రెండు నా ట్రక్కులో ఇప్పటికీ ఉంటాయి, లేవడం ఆలస్యమైన రోజుకి. చలికాలంలో వాటిని రాత్రి ట్రక్కులో వదిలితే గడ్డ కడతాయి, లోపలికి తెచ్చుకోవాలి.

షుగర్ ఉన్నవాళ్లు ఇది శ్రద్ధగా వినండి. ఆ అన్న వాడేది గ్లిక్లజైడ్. అలాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకి తిండి తగ్గినా, ఒంటి శ్రమ పెరిగినా షుగర్ పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి అది అరుదు. ఇక్కడ మీటరు మన ఊరి లెక్క చూపించదు. నాలుగు అని కనిపిస్తే మన లెక్కలో 72, అంటే పద్దెనిమిదితో హెచ్చవేయాలి. నాలుగుకన్నా తగ్గితే పని ఆపి, మూడింట రెండు వంతుల కప్పు జ్యూస్ గానీ, డైట్ కాని మామూలు కూల్ డ్రింక్ గానీ తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 911కి ఫోన్ చేయండి. పని వేళలు మారినప్పుడు మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఫార్మసీలో అడగండి, దానికి డబ్బు తీసుకోరు. ఒంటారియోలో 811కి ఫోన్ చేస్తే ఏ వేళకైనా నర్సు మాట్లాడుతుంది. షుగర్ ఉందని ఫోర్‌మన్‌కి చెబితే పనిలోంచి తీసేస్తారేమోనని ఆ అన్న నాకు చెప్పలేదట. అది విన్నాక నాకు ఇంకా సిగ్గేసింది.

నాలాగా నలుగురి మీద పెత్తనం ఉన్నవాళ్లు ఈ సభలో పది మందైనా ఉంటారు. వాళ్లకొక్క మాట. కాంక్రీట్ రోజున ఇప్పుడు నేను మనుషుల్ని రెండు జట్లు చేస్తున్నాను. తొమ్మిదింటికి ఒక జట్టు దిగి పది నిమిషాలు తింటుంది, తర్వాత రెండోది. మొదటిసారి పై మేనేజరు గడియారం చూశాడు. ఆ పోత అనుకున్న టైముకే ముగిసింది, తర్వాత ఆయన అడగలేదు. ఆ అన్న ఇప్పటికీ నా దగ్గరే పని చేస్తున్నారు. చపాతీలో గుడ్డు చుట్టుకుని తెచ్చుకుంటారు, జేబులో జ్యూస్ డబ్బా ఒకటి. నాకు ఒక ముక్క పెట్టకుండా తినరు.

రెండు రకాల సీసాలు, ఒక ప్రోటీన్ పొడి డబ్బా తెచ్చాను, ఆ బల్ల మీద ఉన్నాయి. లేబుల్ మీద శాతాలుంటాయి. ఐదు లోపుంటే కొంచెం, పదిహేను దాటితే ఎక్కువ, అదే గుర్తు. టీ టైములో వచ్చి చేత్తో తీసుకుని చూడండి. ఇంగ్లీషు పక్కనే ఫ్రెంచి కూడా ఉంటుంది, ఏది చదవడం ఇబ్బందైనా నన్ను పిలవండి, కలిసి చదువుదాం.