సూర్యకాంతం అంటే తిట్టా?



అత్తగారి మీద కోపం వస్తే, ఎదురుగా అనలేక, పక్కింటావిడ దగ్గర మనం ఏమంటామో మీకు వేరే చెప్పక్కర్లేదు. "అబ్బో, మా ఇంట్లో సూర్యకాంతం ఉందమ్మా!" అంటాం. ఆ ఒక్క మాటతో పక్కింటావిడకు సంగతంతా బోధపడిపోతుంది. ఇద్దరం నవ్వుకుంటాం. నేనూ అలా అన్నదాన్నే. అన్నందుకు ఒకరోజు సుల్తాన్ బజార్ లో నలుగురి మధ్యా తల దించుకున్నాను కూడా. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత ఆ పేరు గల నటీమణి గురించి మాట్లాడతాను.

కొన్నేళ్ల కిందటి మాట. శ్రావణమాసం వస్తోందని వాయనాలకు జాకెట్టు ముక్కలు కొనడానికి మా అత్తగారూ, నేనూ, మా పాపా వెళ్లాం. మా అత్తగారికి బేరమంటే బేరమే. ఒక్కొక్క ముక్కా వెలుతురుకు పెట్టి చూశారు. జానెడేసి కొలిచారు. ఒక ముక్కకు అంచు చిరిగి ఉంటే పక్కన పారేశారు. ఆ తర్వాత ధర మొదలుపెట్టారు. కొట్టతను విసుగూ నవ్వూ కలిపి, "ఏం పాపా, మీ నాన్నమ్మ పేరేమిటి? చాలా గట్టి మనిషే!" అన్నాడు.

మా పాపకు అప్పుడు అయిదేళ్లు. "సూర్యకాంతం! అమ్మ చెప్పింది" అంది, గొప్పగా.

మా అత్తగారి పేరు అది కాదు. కొట్లో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. ఆవిడ మాత్రం మాట్లాడకుండా డబ్బిచ్చి మూట తీసుకున్నారు. బడీచౌడీలో కూరలు కొన్నారు. ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, కాఫీ కలిపి నా చేతికిచ్చాక అప్పుడన్నారు:

"అమ్మాయ్, ఆ సూర్యకాంతంగారు షూటింగుకు వెళ్తూ ఇంట్లోంచి పిండివంటలు పట్టుకెళ్లి అందరికీ పెట్టేవారట. నన్ను ఆవిడతో పోల్చావంటే నాకు సంతోషమే. కాదు, సినిమాలో అత్తగారితో పోల్చావంటే మాత్రం, నేను నీకేం అన్యాయం చేశానో చెప్పు."

నా దగ్గర జవాబు లేదు. ఆ రోజునుంచే ఆవిడ జీవితం గురించి తెలుసుకోవాలనిపించింది.

సూర్యకాంతంగారు 1924 అక్టోబరు 28న కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో పుట్టారు. తల్లిదండ్రులకు పద్నాలుగో సంతానమట. చిన్నప్పుడే పాటా, ఆటా నేర్చుకున్నారు. సినిమాల మీద ఆశతో మద్రాసు చేరారు. జెమినీ వారి 'చంద్రలేఖ'లో నృత్యం చేసే అమ్మాయిల్లో ఒకరుగా చేరినప్పుడు నెలకు అరవై అయిదు రూపాయలన్నారట. ఇది చాలదని ఆవిడ ముఖం మీదే చెబితే డెబ్భై అయిదు చేశారని చెప్పుకుంటారు. చూశారా, మనం కొట్లో చేసే బేరమే ఆవిడ స్టూడియోలో చేశారు!

ఆవిడకు కథానాయిక కావాలని ఉండేది. 'సౌదామిని' అనే చిత్రంలో ఆ వేషం దొరికింది కూడా. ఇంతలో కారు ప్రమాదంలో ముఖానికి గాయమై, ఆ అవకాశం చేజారిపోయింది. ముఖమే పెట్టుబడి అయిన రంగంలో ఇరవై అయిదేళ్ల పిల్లకు అది ఎంత దెబ్బో ఆలోచించండి. ఇంకొకరైతే ఊరికి తిరిగి వెళ్లిపోయేవారేమో. ఆవిడ వెళ్లలేదు. 1950లో ఎల్.వి. ప్రసాద్ గారి 'సంసారం'లో గయ్యాళి వేషం వస్తే కట్టారు. ఆ వేషం ఎంత బాగా కుదిరిందంటే, ఇక జీవితాంతం ఆవిడను వదల్లేదు.

ఇక్కడ మీకొక లెక్క చెబుతాను. 1962లో 'గుండమ్మ కథ' వచ్చింది. అందులో ఎన్.టి. రామారావుగారికీ, అక్కినేని నాగేశ్వరరావుగారికీ కూడా ఆవిడ అత్తగారు. అప్పటికి ఆవిడ వయసు ముప్ఫై ఏడు. రామారావుగారు ఆవిడకన్నా ఏడాదికి పైగా పెద్ద. నాగేశ్వరరావుగారు పుట్టింది 1924 సెప్టెంబరులో, అంటే ఆయనా నెల పైచిలుకు పెద్దే! ఇంతకుముందు 1957లో 'మాయాబజార్' ఉంది కదా, అందులో ఘటోత్కచుడు ఎస్.వి. రంగారావుగారు, తల్లి హిడింబి సూర్యకాంతంగారు. ఆ కొడుకు ఆ తల్లికన్నా ఆరేళ్లు పెద్దవాడు. మనకెవరికైనా ఒక్కనాడైనా అనుమానం వచ్చిందా? రాలేదు. నడకా, గొంతూ, చూపూ అన్నీ పెద్దరికంతో నింపేశారు. హిడింబి గయ్యాళి కూడా కాదు సుమండీ, కొడుకును చూసి మురిసిపోయే తల్లి. ఆవిడకు ఒక్క రకమే వచ్చుననుకునేవాళ్లు ఆ చిత్రం మళ్లీ చూడాలి.

ఆవిడది ఎడమచేతి వాటం. తెరమీద ఆ ఎడమచెయ్యి తిప్పుతూ ఆవిడ మాట అందుకుంటే ఎదుటి మనిషి ఊపిరి తీసుకునేందుకు కూడా సందుండేది కాదు. అరవడం ఎవరికైనా వస్తుంది. అరుస్తూనే నవ్వించడం, తిడుతున్నా జనం మళ్లీ ఈవిడ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేలా చెయ్యడం అందరికీ రాదు. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు ఇద్దరు అగ్రనటులనూ, సావిత్రి, జమునలనూ పెట్టుకుని కూడా ఆ సినిమాకు గుండమ్మ పేరే పెట్టారంటే, ఆవిడ బలమేమిటో వాళ్లకు తెలుసు.

ఇంటి దగ్గర మనిషి వేరు. హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన పెద్దిభొట్ల చలపతిరావుగారి ఇల్లాలు. సొంత బిడ్డలు లేకపోతే అక్కగారి అబ్బాయిని పెంచుకున్నారు. సెట్టుమీద నలుగురికీ పెట్టి తినే అలవాటు గురించి ఆవిడతో పనిచేసినవాళ్లు చాలామంది చెప్పారు. తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఆవిడకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1994 డిసెంబరు 18న కన్నుమూశారు.

మరి మనం ఏమిచ్చాం? ఆవిడ పేరును తిట్టు చేసి ఇచ్చాం. సూర్యకాంతం ఎంత చక్కని పేరు! సూర్యకాంతి తగిలితే నిప్పు పుట్టించే మణి అది. పాతతరంలో ఇంటింటా ఉన్న పేరే. ఆవిడ వేషాలు వచ్చాక ఆడపిల్లకు ఆ పేరు పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నటనకు ఇంతకన్నా పెద్ద బిరుదు లేదంటారు. నిజమే కావచ్చు. కాని ఆ పేరుతో పిలిపించుకుంటూ బతకాల్సిన మనిషికి అది ఎలా ఉంటుందో మనమెప్పుడూ అడగలేదు.

ఇది మన దేశంలోనే కాదు. అమెరికాలో మార్గరెట్ హామిల్టన్ అనే నటి ఉండేది. 1939లో 'ది విజార్డ్ ఆఫ్ ఓజ్' అనే చిత్రంలో ఆకుపచ్చ ముఖంతో మంత్రగత్తె వేషం కట్టింది. ఆ షూటింగులో మంటలంటుకుని ముఖమూ, చెయ్యీ కాలాయి. మానాక వచ్చి వేషం పూర్తి చేసింది. ఆ తర్వాత ఎక్కడికెళ్లినా పసిపిల్లలు ఆమెను చూసి జడుసుకునేవారు. తమాషా ఏమిటంటే, సినిమాల్లోకి రాకముందు ఆమె పసిపిల్లలకు పాఠాలు చెప్పిన పంతులమ్మ! 1975లో ఒక పిల్లల టెలివిజన్ కార్యక్రమానికి మామూలు బట్టల్లో వచ్చి, ఆ మంత్రగత్తె దుస్తులు పిల్లల కళ్లముందే ఒక్కొక్కటీ వేసుకుని చూపించింది. ఇది వేషమే, లోపల ఉన్నది నేనే, భయపడకండి అని తెలియజెప్పింది.

అంత పని మన ఇళ్లల్లో ఎవరూ చెయ్యలేదు. పైగా ఆ వేషాన్ని తెరమీంచి దించి మన అత్తగార్లకు తొడిగేశాం. ఆలోచించి చూడండి. పాలవాడి లెక్క అడిగితే సూర్యకాంతం. చిరిగిన ముక్క వద్దంటే సూర్యకాంతం. మగవాళ్లు అదే బేరం ఆడితే, "ఆయన లెక్కంటే లెక్కే" అని మెచ్చుకుంటాం. సవతికూతురిని పనిమనిషిని చేసిన గుండమ్మది తప్పే, కాదనను. ఇంట్లో నిజంగా బాధపెట్టే అత్తగారుంటే ఆ తప్పును తప్పనే చెప్పాలి. దానికి ఇంకొకరి పేరెందుకు? పైగా ఆ పేరు వాడితే అసలు బాధ కాస్తా హాస్యంలో కొట్టుకుపోతుంది. ఇదీ నేను నేర్చుకున్నది.

మొన్నొక ఆదివారం మా అత్తగారూ నేనూ కలిసి టీవీలో 'గుండమ్మ కథ' మళ్లీ చూశాం. చిన్నప్పుడు ఆవిడ మొదటిసారి టూరింగు టాకీసులో, ఇసుకలో కూర్చుని చూశారట. ఛాయాదేవి వచ్చి గుండమ్మను నానా తిప్పలూ పెట్టే చోట నాకు నవ్వొచ్చింది. మా అత్తగారు పక్కనే ఉన్నారు కదా అని ఆపుకున్నాను. ఆవిడ నా వంక చూసి, "నవ్వమ్మాయ్, ఫరవాలేదు. ఛాయాదేవి బాగా బుద్ధి చెప్పింది" అని తానే పకపకా నవ్వారు.

మీరూ వీలుచూసుకుని మీ అత్తగారితోనో, కోడలితోనో కూర్చుని ఆ సినిమా చూడండి. చూశాక కాఫీ ఎవరు కలపాలో మీలో మీరే తేల్చుకోండి. ఉంటాను, సెలవు.