పాపాయి తనంతట తానే నిద్రపోవాలంటే



ఏడాది దాటి రెండేళ్ళలోపు బిడ్డకు పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. ఉయ్యాల ఊపితేగాని కన్ను మూయని బిడ్డ, నడిరేయి మెలకువ వస్తే మళ్ళీ ఊపమనే ఏడుస్తుంది. పగలంతా కూలి చేసొచ్చిన తల్లికి ఇక నిద్రేదీ?

రోజూ ఒకే వేళకు అన్నం పెట్టి, కాళ్ళూ చేతులూ కడిగి, దీపం తగ్గించండి. కళ్ళు మూతలు పడుతుండగానే పక్కమీద పడుకోబెట్టి, దగ్గరే కూర్చోండి. ఏడిస్తే వీపు నిమరండి. రోజురోజుకీ కాస్త దూరం జరగండి. బూచాడొస్తాడని బెదిరించొద్దు. అయ్యా, ఈ పని మీరూ చేయొచ్చు!

చంటిబిడ్డ పుట్టగానే పెద్దబిడ్డను తల్లి పక్కలోంచి ఒక్కసారిగా తప్పిస్తే ఆ పసిమనసు బెంగపడుతుంది. అందుకే కాన్పుకూ కాన్పుకూ మూడేళ్ళ ఎడం ఉంచండి. కాపర్-టి, మాత్రలు, నిరోధ్ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. ఇద్దరూ కలిసొచ్చి అడగండి.