ఊపిరి కసరత్తు: ఛాతీ కదలాలా, పొట్ట కదలాలా?

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

మేము ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పుకునేవాళ్ళము. తెలుగులో మాట ఎక్కడైనా తడబడితే సర్దుకొని వినగలరు.

పోలీసు, మిలిటరీ ఉద్యోగాలకు తయారయ్యే మన కుర్రవాళ్ళు సాయంత్రం పూట మైదానంలో ఊపిరి కసరత్తు చేస్తున్నారు. సంతోషమే. అయితే "గట్టిగా పీల్చు" అనగానే భుజాలు చెవులదాకా లేస్తాయి, పొట్ట వీపుకు అంటుకుంటుంది. చూసేవాళ్ళకు రొమ్ము విరిచినట్టు ఉంటుంది గాని, లోపలికి పోయే గాలి తక్కువ.

కారణం చూద్దాము. ఊపిరితిత్తులకు తమంతట తాము ఉబ్బే శక్తి లేదు. అవి ఉన్న పెట్టె పెద్దదైతేనే వాటిలోకి గాలి వస్తుంది. ఆ పెట్టెకు చుట్టూ గోడ పక్కటెముకలు. అడుగు భాగం ఉదరవితానము, అదే డయాఫ్రం. ఉర్దూ పుస్తకాల్లో దీన్ని హిజాబె హాజిజ్ అంటాము, అంటే అడ్డుతెర. తెర అన్నామే గాని అది గొడుగులా పైకి ఉబ్బి ఉండే కండరం. ఊపిరి పీల్చినప్పుడు అది బిగుసుకొని కిందికి దిగుతుంది. మామూలు శ్వాసలో 1, 2 సెంటీమీటర్లు, బాగా లోతుగా పీలిస్తే 7 నుంచి 10 సెంటీమీటర్ల దాకా కూడా. అది దిగితే కింద ఉన్న కాలేయము, పేగులు ఎక్కడికి పోవాలి? ముందుకే జరుగుతాయి. పొట్ట లేచేది అందుకు. "పొట్టలోకి గాలి పోతుందా సార్?" అని పిల్లలు అడుగుతుంటారు. పోదు. గాలి ఊపిరితిత్తుల్లోనే ఉంటుంది, పొట్ట కేవలం చోటు ఇస్తుంది. ఆ పొట్టను బిగబట్టితే తెర దిగదు. ప్యాంటు బెల్టు, పైజామా నాడా మరీ బిగించి కట్టినా కొంతవరకు ఇదే తంటా.

ఈ రెండు కదలికలను వేరువేరుగా కొలవవచ్చని 1967లో కొన్నో, మీడ్ అనే శాస్త్రజ్ఞులు చూపించారు. ఛాతీ ఎంత ఉబ్బింది, పొట్ట ఎంత ఉబ్బింది అన్నది తెలిస్తే గాలి ఎంత పోయిందో లెక్క తేలుతుంది. వెల్లకిలా పడుకుంటే పొట్ట వంతు ఎక్కువ, నిలబడితే ఛాతీ వంతు ఎక్కువ. కనుక నిలబడ్డప్పుడు ఛాతీ కదులుతోందని ఎవరూ కంగారుపడనక్కరలేదు.

నెమ్మదిగా పీల్చమని ఎందుకంటారో నల్లబల్ల లెక్క ఒకటి చెబుతాము. మామూలుగా ఒక శ్వాసకు సుమారు 500 మిల్లీలీటర్ల గాలి. అందులో 150 దాకా ముక్కు, గొంతు, గాలిగొట్టాల్లోనే ఆగిపోతుంది, రక్తానికి పనికిరాదు. నిమిషానికి 12 సార్లు పీలిస్తే మొత్తం 6,000. అక్కరకు వచ్చేది 4,200. అదే మనిషి గబగబా 24 సార్లు, సారికి 250 చొప్పున పీలిస్తే మొత్తం అదే 6,000, అక్కరకు వచ్చేది 2,400 మాత్రమే. ఆయాసం రెట్టింపు, లాభం సగానికి కాస్త పైన!

అభ్యాసానికి చాప మీద వెల్లకిలా పడుకొని మోకాళ్ళు మడవండి. ఒక చెయ్యి రొమ్ము మీద, ఒక చెయ్యి బొడ్డు మీద. ముక్కుతో మూడు అంకెలు లెక్కపెట్టేదాకా పీల్చి, ఆరు అంకెలదాకా వదలండి. పై చెయ్యి కొద్దిగా, కింది చెయ్యి బాగా లేవాలి. అలవాటయ్యాక కూర్చుని, తర్వాత నిలబడి చెయ్యండి. అప్పుడు చేతులు కింది పక్కటెముకలకు ఆనిస్తే అవి పక్కలకు విచ్చుకోవడం తెలుస్తుంది. తల తిరిగినా, వేళ్ళు తిమ్మిరెక్కినా ఆపాలి. ఎక్కువగా పీల్చి వదలడంవల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిందన్నమాట. దమ్ము, గుండెజబ్బు ఉన్నవారు, ఈమధ్య ఆపరేషన్ అయినవారు డాక్టరును అడిగే చెయ్యాలి. దీన్ని యోగమనండి, కసరత్తనండి, కండరానికి పేరుతో పని లేదు.

ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. పెద్దవాళ్ళలో దీనివల్ల ఊపిరితిత్తుల సైజు పెరగదు. ఉన్న చోటును పూర్తిగా వాడుకోవడం వస్తుంది, అంతే. పెరుగుతుందని చెప్పి డబ్బు గుంజే శిక్షకులను నమ్మకండి.

ఇక టేపు సంగతి. మన రాష్ట్రంలో 2022 కానిస్టేబుల్ ప్రకటనలో మగవారికి నిండుగా పీల్చినప్పుడు ఛాతీ 86.3 సెంటీమీటర్లు, వ్యాకోచం కనీసం 5 సెంటీమీటర్లు అన్నారు. వ్యాకోచమంటే తేడా. మనవాళ్ళు పీల్చడమే అభ్యసిస్తారు, వదలడం అభ్యసించరు. సగం గాలి లోపల ఉంచుకొని మొదటి కొలత ఇస్తే తేడా ఎక్కడినుంచి వస్తుంది? ముందు పూర్తిగా, పొట్ట లోపలికి పోయేదాకా వదలాలి. తర్వాత పొట్టను వదులు చేసి, కింది పక్కటెముకలనుంచి మొదలుపెట్టి పైదాకా నింపాలి. భుజాలు కదలనివ్వకూడదు.

టేపు తెచ్చాము. పరీక్షకు వెళ్ళదలచిన పిల్లలు చొక్కా మీది గుండీలు విప్పుకొని, ఒక్కొక్కరుగా ఎడమపక్కకు రండి.