ఇంజన్ విప్పే ముందు పొగ రంగు చూద్దాం
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దమ్ము చేసే రోజుల్లో పాత ట్రాక్టర్ పొగ పెడితే మనకు వినపడే మాట ఒకటే: "ఇంజన్ బోరుకొచ్చింది, దించాల్సిందే." మనమూ తలూపుతాం. అప్పు తెచ్చి పని చేయిస్తాం. ఈలోగా కిరాయి ట్రాక్టర్‌కు గంటల లెక్కన కడతాం. కొన్ని బండ్లకు ఆ పని నిజంగానే అవసరం. కానీ పొగ పెట్టిన ప్రతి బండికీ కాదు. పొగ ఏ రంగులో వస్తోంది, ఎప్పుడు వస్తోంది? ముందు ఈ రెండూ చూద్దాం.

నల్లపొగ అంటే డీజిల్‌కు తగ్గ గాలి అందక సరిగా మండటం లేదని. ముందు ఎయిర్ క్లీనర్ విప్పాలి. ఆయిల్ గిన్నెలో మడ్డి పేరుకుంటే, జాలీకి దుమ్ము పట్టేస్తే ఇంజన్‌కు ఊపిరాడదు. కడిగి, గీత వరకే కొత్త ఆయిల్ పోయాలి. దుమ్ములో దున్నే రోజుల్లో దీన్ని రోజూ చూసుకోవాలి. రోటవేటర్ లోతు తగ్గించి, గేరు దించితే పొగ తగ్గిందా? అయితే బండి మీద బరువు ఎక్కువైంది. అప్పటికీ తగ్గకపోతే నాజిళ్లను పంపు షాపులో పరీక్ష చేయించాలి.

నీలిపొగ అంటే ఇంజన్ ఆయిల్ మండుతోందని. సంపులోగాని, ఎయిర్ క్లీనర్ గిన్నెలోగాని ఆయిల్ గీత దాటిందేమో చూడాలి. పొద్దున స్టార్ట్ చేయగానే కాస్త వచ్చి ఆగిపోతే వాల్వ్ గైడ్ల మీద అనుమానం. పని చేస్తున్నంతసేపూ వస్తూ, బ్రీదర్ నుంచి కూడా పొగ కొడుతూ, ఆయిల్ తగ్గిపోతుంటే రింగులు, లైనర్లు అరిగి ఉండొచ్చు. అప్పుడు కూడా కంప్రెషన్ పరీక్ష చేశాకే ఇంజన్ దించాలి.

తెల్లపొగ చలి పొద్దున కాసేపు వచ్చి ఆగితే భయం లేదు. ఆగకపోతే డీజిల్ ఫిల్టర్ అడుగు స్క్రూ వదిలి నీళ్లున్నాయేమో చూడాలి. నీళ్లు లేకపోతే పంపు టైమింగ్ చూపించాలి. రేడియేటర్ నీళ్లు తగ్గుతున్నా, ఆయిల్ పాలు కలిపిన టీలా మారినా హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. బండి వెంటనే ఆపేయాలి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు.

మెకానిక్‌లు మనకు శత్రువులు కారు. కానీ డబ్బు మనది, అదును మనది. ఏ పరీక్ష చేసి ఇంజన్ దించమంటున్నారో అడుగుదాం. తీసిన పాత సామాను, రాసిన బిల్లు చేతికి తీసుకుందాం. ఒక్కరే అడగడానికి మొహమాటపడితే పక్క రైతును వెంటబెట్టుకుని వెళదాం. సంఘం ఉన్నది అందుకే కదా!