ఆపరేషనుకు ముందు చెప్పవలసిన మాట

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, "నేను డాక్టరును కానండీ, ముప్పయ్యయిదేళ్ళు ఖజానా శాఖలో బిల్లులు చూసిన గుమాస్తాని" అన్నాను. "మీ మోకాలి సంగతే చెప్పండి, చాలు" అన్నారు. అదే చెబుతాను. ఇందులో నా తప్పు చాలా ఉంది. అది దాచకుండా చెబితేనే ఎవరికైనా పనికొస్తుంది.

1983లో నాకు కడుపులో పుండు పడి, పొట్టలో కొంత భాగం కోసి తీసేశారు. ఆ రోజుల్లో అల్సరుకు అటువంటి ఆపరేషన్లు తరచుగా చేసేవారు. పుండు పోయింది, నెప్పి పోయింది, డ్యూటీలో చేరాను. ఇంటికి పంపేటప్పుడు, ముందుముందు విటమిను లోపం రావచ్చుననే మాట నాతో ఎవరూ అనలేదు. పదమూడేళ్ళ తర్వాత, 1996లో, నాలుక ఎర్రబడి కారం తగిలితే మండేది. మెట్లెక్కితే ఆయాసం. రక్తం తక్కువగా ఉందని ఐరన్ టానిక్కులు సీసాలకు సీసాలు తాగించారు. లాభం లేకపోయింది. చివరికొక పెద్ద డాక్టరుగారు పొట్ట మీది పాత కోత మచ్చ చూసి, "ఇది బి12 లోపం" అని తేల్చారు.

మనం తినే తిండిలోని బి12 ఒంటికి పట్టాలంటే పొట్ట గోడలో తయారయ్యే ఒక పదార్థం దానికి తోడు కావాలట. పొట్ట తీసేసినవాళ్ళకు ఆ తోడు తగ్గిపోతుంది. కాలేయంలో నిల్వ ఉన్నదాంతో కొన్నేళ్ళు నడిచి, ఆ తర్వాత లోటు బయటపడుతుంది. నిల్వ ఉన్నన్నాళ్ళూ లోటు తెలియదన్నమాట. ఖజానాలో పనిచేసినవాడికి ఇది వేరే చెప్పనక్కరలేదు. నాబోటివాడికి నెలనెలా సూదిమందే గతి, అదీ జన్మంతా.

పొట్ట కోయించుకున్నవాళ్ళకే ఈ లోపం వస్తుందనుకోకండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి మింగుతున్నవారిలోనూ, గ్యాసుకని ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ బిళ్ళలు రోజూ వేసుకునేవారిలోనూ బి12 తగ్గవచ్చు. పాలు, పెరుగు కూడా సరిగా తీసుకోని శాకాహారులకూ ఇంతే, ఎందుకంటే కూరగాయల్లో ఇది ఉండదు. ఈ హాల్లో ఈ మూడింటిలో ఏదో ఒకటి లేనివారిని వెతకవలసిందే.

మా ఆవిడ ఉన్నంతకాలం సూదిమందు తప్పలేదు. గోడ క్యాలెండరు మీద నెలకొక తేదీకి పెన్సిలుతో సున్న చుట్టేది. ఆ రోజు ఉదయం కాఫీకి ముందే "ఇవాళ సూది" అని గుర్తుచేసేది. 2021లో ఆవిడ కాలం చేసింది. పిల్లలు నన్ను హైదరాబాదులో అమ్మాయి ఇంటికి తీసుకువెళ్ళారు. కొత్త ఊరు, కొత్త వీధి, తెలిసిన కాంపౌండరు లేడు. ఒక నెల తప్పింది, రెండో నెల తప్పింది. క్యాలెండరు మీద సున్న చుట్టేవాళ్ళు లేరు. అమ్మాయికి చెబితే ఆఫీసు మానుకుని తిప్పుతుందని చెప్పలేదు. రెండేళ్ళు దాటింది. మధ్యలో నీరసంగా ఉందని మందులషాపులో అడిగి ఫోలిక్ యాసిడ్ కలిసిన బలం బిళ్ళలు తెచ్చుకున్నాను. అదింకా పెద్ద పొరపాటు.

ఇక్కడ మన తెలుగువాడి సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధనకు నాయకత్వం వహించగా, 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. ఆయన కన్నుమూసిన 1948లోనే బి12ను విడిగా రాబట్టారు. ఈ రెంటి నడుమ మూడేళ్ళలో డాక్టర్లకు తెలిసివచ్చిన సంగతేమంటే, బి12 లోపం ఉన్నవాడికి ఒక్క ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. మందు గొప్పదే. అడగకుండా మింగినవాడిదే తప్పు. నాకు జరిగింది అచ్చంగా ఇదే.

2024లో కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయి, కీలు మార్చాలన్నారు. డల్లాసులో ఉన్న మా అబ్బాయి మూడు వారాల సెలవు పెట్టుకుని వచ్చాడు. తేదీ ఖాయమైంది. ఆపరేషనుకు వారం ముందు మత్తు డాక్టరమ్మగారు పరీక్ష చేశారు. ముప్పయ్యయిదేళ్ళు ఉంటాయేమో. "మాష్టారూ, పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్ళు మూసుకోండి" అన్నారు. నేను మాష్టారిని కాను గాని నిలబడ్డాను. కళ్ళు మూయగానే తూలిపోయాను. మా అబ్బాయి పట్టుకున్నాడు. కంపించే ఇనుప ఫోర్కు కాలి బొటనవేలికి ఆనించి "తెలుస్తోందా?" అన్నారు. నాకేమీ తెలియలేదు.

అప్పుడు ఒక్కొక్కటీ అడిగి రాబట్టారు. పొద్దున్నే ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకుంటే తూలు వస్తోందా? వస్తోంది. చెప్పు కాలినుంచి జారిపోయినా తెలియడం లేదా? తెలియడం లేదు. ఎన్నాళ్ళనుంచి? ఏడాదినుంచి. అంతా మోకాలి వల్లేననుకున్నాను. పొట్ట ఆపరేషను సంగతి, సూదిమందు మానేసిన సంగతి చెప్పక తప్పలేదు. మా అబ్బాయి ముఖం చూడలేకపోయాను.

ఆవిడ చెప్పినవి నాకు గుర్తున్నంతవరకు చెబుతాను. మోకాలికి సాధారణంగా వెన్నులో మత్తుసూది ఇస్తారు. పాదాలు ముందే మొద్దుబారి ఉంటే, ఆ సంగతి ఆపరేషనుకు ముందే కేసుషీటులో రాసి ఉండాలి. లేకపోతే తర్వాత మిగిలిన తిమ్మిరి పాతదా, సూదివల్ల వచ్చిందా తేల్చలేరు. ఒకవేళ పూర్తి మత్తు ఇవ్వవలసివస్తే ఇంకో ప్రమాదం ఉంది. నైట్రస్ ఆక్సైడ్ అని, నవ్వుల వాయువంటారే, అది ఒంట్లో ఉన్న కాస్త బి12ను కూడా పనికిరాకుండా చేస్తుంది. లోపం ఉన్నవాళ్ళు ఆపరేషను బాగా జరిగి ఇంటికి వెళ్ళాక, కొన్ని వారాలకు కాళ్ళు పట్టుతప్పిన సందర్భాలు వైద్యగ్రంథాల్లో ఉన్నాయట. "మీకు ఆ గ్యాసు వాడవద్దని పెద్ద అక్షరాలతో రాస్తున్నాను" అన్నారు. హిమోగ్లోబిను 9.4 ఉంది. మోకాలి ఆపరేషనులో రక్తం బాగానే పోతుంది. పైగా పాదం ఎక్కడ పడుతున్నదో తెలియనివాడు కొత్త మోకాలితో నడవడం నేర్చుకోవాలంటే పడిపోతాడు.

ఆపరేషను వాయిదా వేశారు.

ఆ సాయంత్రం మా అబ్బాయి, "నాన్నా, అమ్మ ఉంటే ఇలా జరిగేదా? మాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. సెలవు వృథా అయిందని కోపమనుకున్నాను. కాదు. వాడి గొంతు వేరేగా ఉంది. నా దగ్గర జవాబు లేదు. ఊరివారందరి సర్వీసు రిజిస్టర్లూ భద్రంగా చూసినవాణ్ణి, నా 1983 నాటి డిశ్చార్జి కార్డు ఎక్కడుందో నాకే తెలియదు.

మర్నాడు ఇంటి దగ్గరి మందులషాపతను "ఇప్పుడే ఒక సూది వేయించుకోండి సార్" అన్నాడు. డాక్టరుగారు వద్దన్నారు. ముందు రక్తం తీసి పరీక్షకు పంపాలి, సూది పడ్డాక తీస్తే లెక్క ఎక్కువ చూపిస్తుంది, అసలు లోటు తెలియదు. బి12 96 పికోగ్రాములు వచ్చింది. ఆ ల్యాబులో కనీసం 200 ఉండాలి. తర్వాత వెయ్యి మైక్రోగ్రాముల సూది రోజు విడిచి రోజు రెండు వారాలు, ఆపైన వారానికొకటి వేశారు. మొదటి రోజుల్లో రక్తం వేగంగా తయారయ్యేటప్పుడు పొటాషియం పడిపోవచ్చునని అదీ చూశారు. ఇది నాకు రాసిన మోతాదు. దయచేసి ఎవరూ దీన్ని కాపీ చేసుకోవద్దు.

పదకొండు వారాలకు హిమోగ్లోబిను 12.1కి వచ్చింది. తూలు చాలావరకు తగ్గింది. రక్తం త్వరగా కోలుకుంటుంది గాని నరాలకు నెలలు పడుతుంది, కొంత తిరిగి రాకపోవచ్చు కూడా. నా కుడికాలి బొటనవేలు ఇప్పటికీ మొద్దుగానే ఉంది. మోకాలి ఆపరేషను వెన్నులో సూదితోనే జరిగింది. అబ్బాయికి మళ్ళీ సెలవు దొరకలేదు. అమ్మాయి, అల్లుడుగారు చూసుకున్నారు. రాత్రిపూట దీపం లేకుండా మంచం దిగవద్దని వ్యాయామం చేయించే కుర్రవాడు హెచ్చరించాడు. చీకట్లో కళ్ళు సాయపడవు గనుక నాబోటివాడు అప్పుడే పడతాడట.

ఇప్పుడు నా దగ్గర ఒక అట్ట ఫైలుంది. పాత ఆపరేషన్లు, రోజూ వేసుకునే బిళ్ళలన్నీ, షాపులో అడిగి తెచ్చుకున్నవి సహా, ఆఖరి సూది తేదీ, రక్తపరీక్ష కాగితాలు. మత్తు డాక్టరుకు ఇవ్వవలసింది ముందుగా ఆ మొదటి కాగితం. మీలో ఎవరికైనా కంటిదో, హెర్నియాదో, గుండెదో ఆపరేషను తేదీ ఉంటే, బయట బల్ల మీద ఆ కాగితం నమూనా జిరాక్సులు యాభై పెట్టించాను, తీసుకోండి. ఏ బిళ్ళా మీకై మీరు మానవద్దు. ఏది ఆపాలో, ఏది కొనసాగించాలో వారే చెబుతారు.

నా సూది ఇప్పుడు ప్రతినెలా ఒకటో తారీఖున. పెన్షను పడ్డదా లేదా అని ఎలాగూ చూసుకుంటాం గదా అని ఆ తేదీ పెట్టుకున్నాను. క్యాలెండరు మీద సున్న మా మనవరాలు చుడుతోంది. ఎర్ర స్కెచ్ పెన్నుతో.