తగ్గింది కదా అని ఊరుకోవద్దు



నా 30వ ఏట ఒక ఉదయం ఎడమకన్ను మసకబారింది. కన్ను తిప్పితే నొప్పి. "వేడి చేసిందమ్మా, బళ్ళారి ఎండలు మామూలువా?" అన్నారు ఇంట్లో. మూడు వారాల్లో దానంతటదే తగ్గింది. ఏడాది తిరిగాక కాళ్ళు మొద్దుబారాయి. అదీ తగ్గింది. మూడోసారి నడకే తడబడితే బెంగుళూరు వెళ్ళాం. ఎం.ఆర్.ఐ. తీశాక తెలిసిన జబ్బు పేరు మల్టిపుల్ స్క్లిరోసిస్.

కరెంటు తీగకు పైతొడుగు ఉన్నట్టే మన మెదడు, వెన్నుపాములలోని నరాల తంతువులకు మయలిన్ అనే పొర ఉంటుంది. జబ్బులనుంచి కాపాడవలసిన రక్షణశక్తే పొరపాటున ఈ పొరను దెబ్బతీస్తుంది. ఇది అంటువ్యాధి కాదు, ఎవరి పాపఫలమూ కాదు. ఎక్కువగా 20, 40 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. మగవారిలో కంటె ఆడవారిలో ఎక్కువ.

ఫ్రెంచి వైద్యుడు షార్కో 1868లోనే దీన్ని వివరంగా వర్ణించాడు. అయినా జబ్బు గతిని మార్చే మందు రావడానికి మరో 125 ఏళ్ళు పట్టింది. 1993లో అమెరికాలో ఇంటర్‌ఫెరాన్ బీటా సూదిమందుకు అనుమతి లభించింది. 2010లో అక్కడే నోటితో మింగే ఫింగోలిమాడ్ వచ్చింది. మొదటినుంచీ నెమ్మదిగా ముదిరే రకానికి 2017లో ఓక్రెలిజుమాబ్ వచ్చింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యావశ్యక మందుల జాబితాలో ఈ జబ్బుకు మూడు మందులు చేర్చింది. వాటిలో రిటుక్సిమాబ్ మన దేశంలోనూ తయారవుతోంది.

అయితే ఒక్క మాట మరవకండి. ఈ మందులు ఇంటి తలుపుకు వేసే గడియ వంటివి. దొంగను ఆపుతాయి గాని, పోయిన సొమ్మును తెచ్చి ఇవ్వవు. నాకు ఇప్పుడు కొత్త దెబ్బలు లేవు. కాని "తగ్గింది కదా" అని ఊరుకున్న రోజుల గుర్తుగా నా ఎడమకాలు ఇంకా బిగుసుకునే ఉంది. అందుకే చూపు మసకైనా, తిమ్మిరి రోజుల తరబడి నిలిచినా, తగ్గిపోయినా సరే, నరాల డాక్టరుకు చూపించండి.

మందు వాడేవారు రక్తపరీక్షలు మానకూడదు. జ్వరం వస్తే వెంటనే చెప్పాలి. బిడ్డను కనాలనుకుంటే ముందే డాక్టరును అడగాలి. ఎండ వేడికి పాత బాధలు కాసేపు తిరగబెట్టవచ్చు, చల్లబడితే సర్దుకుంటాయి. ఒక రోజు దాటి నిలిస్తే మాత్రం ఉపేక్షించరాదు.

సరిహద్దు జిల్లాల వారికి మరో చిక్కు ఉంది. మన బాధ తెలుగులో, డాక్టరుగారి ప్రశ్న మరో భాషలో. అందుకే ఏ తేదీన ఏమైందో ఒక నోటుపుస్తకంలో రాయించి, స్కాను ఫిల్ములతోపాటు తీసుకుపోండి. తేదీలు ఏ భాషవారికైనా అర్థమవుతాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బు పేరు ఉంది. ధ్రువపత్రం అడగడానికి మొహమాటపడకండి.

ఇంట్లో ఎవరైనా "అలసటగా ఉంది" అంటే, బద్ధకం అనేముందు ఒక్కసారి ఆలోచించండి.